ముఖం లేని గొంతు: రోనల్డ్ కోల్మన్ శబ్దముద్రణల సేకరణపై ఒక పరిశీలన

ఫ్రాంక్ కాప్రా దర్శకత్వంలో 1937లో వచ్చిన లాస్ట్ హొరైజన్ చిత్రం మొదట 132 నిమిషాల నిడివితో విడుదలయింది. తరవాత ఒక్కొక్క విడుదలకూ ఒక్కొక్క కోత పడుతూ వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో తిరిగి విడుదల చేసినప్పుడు, కథానాయకుడు కాన్వే విమానంలో తాగిన మత్తులో యుద్ధాన్నీ, దౌత్యనీతినీ ఎద్దేవా చేస్తూ చెప్పే సుదీర్ఘమైన మాటలను తీసివేశారు. యుద్ధానికి సైనికులను పంపుతున్న దేశానికి ఆ మాటలు రుచించవని నిర్మాణ సంస్థ భావించింది. 1970లలో ఈ చిత్రాన్ని పునరుద్ధరించే పని మొదలయినప్పుడు రాబర్ట్ గిట్, ఆయన సహచరులు దేశదేశాల నుంచి ప్రతులు తెప్పించి పోల్చి చూశారు. 132 నిమిషాల శబ్దం మొత్తం దొరికింది. బొమ్మ మాత్రం 125 నిమిషాలకే దొరికింది. మిగిలిన ఏడు నిమిషాల చోట నిశ్చల ఛాయాచిత్రాలు ఉంచి, వాటి మీద నటుల గొంతులు వినిపించారు.

ఆ ఏడు నిమిషాలలో ప్రేక్షకుడు రోనల్డ్ కోల్మన్‌ను చూడడు, వింటాడు. ఇరవయ్యవ శతాబ్దపు వెండితెర నటుడొకడు ఇలా కేవలం గొంతుగా మిగిలిపోవడం లాస్ట్ హొరైజన్‌లో ఒక ప్రమాదం. కాని అదే స్థితిని కోరుకుని, వెతుక్కుని, పోగు చేసుకున్న వాళ్ళున్నారు. పాత హాలీవుడ్ నటుల రేడియో నాటకాలు, గ్రామఫోను పలకలు, ప్రసార ముద్రణలు సేకరించే అమెరికన్ అభిరుచిపరులు వీళ్ళు. ఈ సేకరణను పాతవస్తువుల మీది మోజుగా కొట్టిపారేయడం తేలిక. కోల్మన్ ముద్రణలను ఉదాహరణగా తీసుకుని, ఆ సేకరణ ఒక నటుడి గురించి చలనచిత్ర చరిత్ర చెప్పలేని విషయాలు ఏమి చెబుతుందో, ఎక్కడ దారి తప్పిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కోల్మన్ ఎందుకు?

రోనల్డ్ కోల్మన్ 1891లో ఇంగ్లండులోని రిచ్‌మండ్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలయిన కొద్ది నెలలకే, 1914లో, మెసీన్ దగ్గర జరిగిన పోరులో గాయపడ్డాడు. ఆ గాయం మిగిల్చిన కుంటును తెరమీద కనబడకుండా దాచుకోవడం ఆయన నటనలో ఒక భాగమయింది. 1920లలో హాలీవుడ్ మూకీ చిత్రాలలో పెద్ద తార. అంటే తొలినాళ్ళలో ఆయన కీర్తి అంతా గొంతు అవసరం లేని కీర్తి. మాటలు వచ్చినప్పుడు ఎందరో మూకీ తారలు తడబడ్డారు. కోల్మన్ విషయంలో జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. 1929లో బుల్‌డాగ్ డ్రమండ్ వచ్చాక, ఇంతకాలం ఈయన చేతిలో ఉన్న అసలు ఆయుధాన్ని ఒరలోనే ఉంచారని అందరికీ తెలిసింది. ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్ (1935), లాస్ట్ హొరైజన్ (1937), ది ప్రిజనర్ ఆఫ్ జెండా (1937), ర్యాండమ్ హార్వెస్ట్ (1942) ఆ గొంతు మీద నిలిచిన చిత్రాలు. ఒథెల్లో పాత్ర ధరిస్తూ ఆ పాత్రలోనే కూరుకుపోయే నటుడిగా ఎ డబుల్ లైఫ్ (1947)లో నటించినందుకు ఉత్తమ నటుడిగా ఆస్కార్ పొందాడు. 1958లో ఊపిరితిత్తుల జబ్బుతో మరణించాడు.

సేకరణకు ఈ నటుడు తగినవాడు కావడానికి మరో కారణం ఉంది. సినిమాలతో సమానంగా ఆయన రేడియోలో పనిచేశాడు. లక్స్ రేడియో థియేటర్‌లో తన చిత్రాలనే మళ్ళీ గంట నాటకాలుగా నటించాడు. 1944లో ఆర్చ్ ఓబోలర్ రచనలతో వచ్చిన ఎవ్రీథింగ్ ఫర్ ది బాయ్స్‌లో నాటకం నటించి, తరవాత విదేశాలలో ఉన్న సైనికులతో హ్రస్వతరంగాల మీద మాట్లాడేవాడు. సస్పెన్స్‌లో భయానక కథలు నటించాడు. ఫేవరిట్ స్టోరీకి వ్యాఖ్యాత. జాక్ బెన్నీ హాస్య కార్యక్రమంలో 1945 చివరి నుంచి, భార్య బెనీటా హ్యూమ్‌తో కలిసి, బెన్నీ పొరుగింటివాడుగా తరచు వచ్చేవాడు. 1950 నుంచి 1952 వరకు ది హాల్స్ ఆఫ్ ఐవీలో ఒక చిన్న కళాశాల అధ్యక్షుడి పాత్ర వేశాడు. వీటికి తోడు డెక్కా సంస్థ 78 వేగపు పలకలుగా తెచ్చిన ఎ క్రిస్మస్ కెరల్ (1941), లాస్ట్ హొరైజన్ (1946) ఉన్నాయి. ఒకే నటుడు ఒకే కథను సినిమాగా, ప్రత్యక్ష ప్రసారంగా, గ్రామఫోను పలకగా చేసిన సందర్భాలు పక్కపక్కన పెట్టుకుని వినే అవకాశం ఇంత పుష్కలంగా దొరకడం అరుదు.

ప్రతులు, పాఠాంతరాలు

తెలుగు సాహిత్యంతో పరిచయం ఉన్నవారికి ఈ సేకరణ స్వరూపం వెంటనే అర్థమవుతుంది. సి. పి. బ్రౌన్ వేమన పద్యాల కోసం ఊరూరి నుంచి తాళపత్ర ప్రతులు తెప్పించి పోల్చినప్పుడు ఎదురయిన చిక్కులే ఇక్కడా ఉన్నాయి. ఏది మూలప్రతి, ఏది నకలు, ఏది లేఖకుడి దోషం, ఏది ప్రక్షిప్తం అన్న ప్రశ్నలు శబ్దానికీ వర్తిస్తాయి.

అసలు చిక్కు ప్రసార సంస్థల పద్ధతిలోనే ఉంది. 1940ల మధ్య దాకా అమెరికాలోని ప్రధాన ప్రసార జాలాలయిన ఎన్‌బీసీ, సీబీఎస్ ముందుగా ముద్రించిన కార్యక్రమాలను ప్రసారం చేయడానికి దాదాపుగా ఒప్పుకునేవి కావు. నాటకం ప్రత్యక్షంగా సాగాలి. తూర్పుతీరానికీ, పడమటితీరానికీ మూడు గంటల తేడా కాబట్టి చాలా కార్యక్రమాలను నటులు ఒక్కొక్క తీరానికి ఒక్కోసారి, మొత్తం రెండుసార్లు నటించేవారు. 1943 మే 25న సస్పెన్స్‌లో వచ్చిన సారీ, రాంగ్ నంబర్ తొలి ప్రసారంలో చివరి క్షణంలో ఒక నటుడు సమయానికి మాట అందుకోలేకపోవడంతో ముగింపే అయోమయంగా మారింది. ఆ లోపం లేని ప్రదర్శనలు తరవాత వచ్చాయి. ఈ రెండింటిలో ఏది ఆ నాటకం? రెండూనని సేకర్త చెబుతాడు. ప్రత్యక్ష ప్రసార యుగంలో ఒక నాటకానికి ఏకైక మూలపాఠం లేదని ఒప్పుకోవడమే సరయిన జవాబు.

ముద్రణలు ప్రసారం కోసం కాకపోతే మరెందుకు చేశారు? ప్రాయోజకులకు సాక్ష్యంగా, సంస్థ భద్రపరచుకోవడానికి, ఒక్కోసారి నటుడు తన గొంతు తాను వినడానికి. పదహారు అంగుళాల అల్యూమినియం పలక మీద నైట్రోసెల్యులోజ్ లక్క పూత పూసి, దాని మీద గాడి కోసేవారు. ఒక పక్క దాదాపు పదిహేను నిమిషాలు. కనుక అరగంట నాటకానికి రెండు పక్కలు, గంట నాటకానికి నాలుగు. యుద్ధకాలంలో అల్యూమినియం విమానాల తయారీకి పోవడంతో గాజుపలకలు వాడారు. అవి కింద పడితే అంతే సంగతులు. పూత మెత్తగా ఉండడానికి దానిలో కలిపింది ఆముదం. ఏళ్ళు గడిచిన కొద్దీ ఆ ఆముదం విచ్ఛిన్నమై, కొవ్వు ఆమ్లాలుగా మారి, పలక మీద తెల్లటి పొడిలా పేరుకుంటుంది. పూత కుంచించుకుపోయి బీటలు వారుతుంది. అంటే ఈ గొంతులను మోసే శరీరానికే ఆయుర్దాయం ఉంది.

యుద్ధం వల్ల ఒక మేలు కూడా జరిగింది. 1942లో మొదలయిన అమెరికా సైనిక రేడియో సేవ ప్రజాదరణ పొందిన కార్యక్రమాలను వినైల్ పలకల మీద అచ్చువేసి ప్రపంచం నలుమూలలా ఉన్న సైనిక స్థావరాలకు పంపింది. వాటిలో వాణిజ్య ప్రకటనలు తీసేశారు. ప్రాయోజకుల పేర్లున్న శీర్షికలు మార్చారు. వాడిన తరవాత పలకలను ధ్వంసం చేయాలని నియమం. ఆ నియమాన్ని అందరూ పాటించకపోవడం వల్లనే నేడు ఎన్నో నాటకాలు మిగిలాయి. అదే విధంగా, ఫేవరిట్ స్టోరీ వంటివి ప్రత్యక్ష ప్రసారాలు కావు. జివ్ సంస్థ వాటిని ముందుగా ముద్రించి స్థానిక కేంద్రాలకు పలకలుగా అమ్మింది. అందుచేత ఆ ముద్రణలు శుభ్రంగా వినిపిస్తాయి. ఇక్కడ విమర్శకుడు జాగ్రత్త పడవలసిన అంశం ఉంది. బాగా మిగిలినది బాగా చేసినది కాకపోవచ్చు. ఫేవరిట్ స్టోరీలో కోల్మన్ పని చాలా భాగం మర్యాదగా కథను పరిచయం చేయడమే. కాని ఆ గొంతు అక్కడ స్పష్టంగా వినబడుతుంది కాబట్టి, కొత్తగా వినేవారికి కోల్మన్ అంటే ఆ మర్యాదస్థుడే అనిపించే ప్రమాదం ఉంది.

1946లో బింగ్ క్రాస్బీ ముద్రిత ప్రసారానికి ఒప్పుకున్న ఏబీసీకి మారడం, ఆ తరవాత జర్మనీ నుంచి జాక్ మలిన్ తెచ్చిన అయస్కాంత టేపు పరిజ్ఞానం అమెరికాలో నిలదొక్కుకోవడంతో పరిస్థితి మారింది. 1960లలో ఇళ్ళలోకి వచ్చిన టేపు యంత్రాలే సేకర్తల లోకాన్ని సృష్టించాయి. 1800 అడుగుల టేపు చుట్ట మీద తక్కువ వేగంతో, నాలుగు దారులూ వాడుకుంటే ఆరు గంటలకు పైగా శబ్దం పట్టేది. తపాలాలో చుట్టలు ఇచ్చిపుచ్చుకున్నారు. తరవాత క్యాసెట్లు, ఆ తరవాత కుదించిన డిజిటల్ ఫైళ్ళు వచ్చాయి. నాణ్యత బాగా తగ్గించి కుదిస్తే ఒక్క సీడీలో దాదాపు వంద అరగంట నాటకాలు పడతాయి. ప్రతి దశలోనూ సంఖ్య పెరిగింది, శబ్దం తరిగింది.

నకలుకు నకలు తీసినప్పుడు ఏమి పోతుందో వైద్యులకు సులువుగా బోధపడుతుంది. ఆనాటి ప్రసార తంత్రులు, ఏఎం ప్రసారం సుమారు ఐదువేల హెర్ట్‌జ్‌ల పైని ధ్వనులను మోసేవి కావు. స, శ వంటి ఊష్మాల పదును చాలావరకు ఆ గీతకు పైనే ఉంటుంది. తిరిగే వేగం నూటికి ఆరు వంతులు పెరిగితే గొంతు ఒక అర్ధస్వరం పైకి పోతుంది. యాభై దాటిన మనిషి నలభై ఏళ్ళవాడిలా వినిపిస్తాడు. ఓపికగల సేకర్త ముద్రణ వెనక సన్నగా వినిపించే విద్యుత్తు హోరును పట్టుకుంటాడు. అమెరికాలో అది 60 హెర్ట్‌జ్ ఉండాలి. లేకపోతే వేగం తప్పినట్టే. ఈ సరిదిద్దుడు జరగని ప్రతి మీద ఆధారపడి కోల్మన్ గొంతులో వయసును, ఊపిరిలో జబ్బును వెతకడం చెడిపోయిన ఎక్స్‌రే చూసి రోగనిర్ణయం చేయడం లాంటిది. ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడని తెలిసినవారికి చివరి ముద్రణలలో ప్రతి విరామమూ ఆయాసంగా తోచవచ్చు. ఆ విరామాలు 1930ల చిత్రాలలోనూ ఉన్నాయి. అవి ఆయన శైలి.

వింటే తెలిసేది

1945 మే 31న సస్పెన్స్‌లో ప్రసారమయిన ఆగస్ట్ హీట్ ఈ సేకరణలో మణిపూస. డబ్ల్యూ. ఎఫ్. హార్వీ రాసిన మూలకథ చాలా చిన్నది. విపరీతమయిన ఎండలో ఒక చిత్రకారుడు ఏమీ తోచక, న్యాయస్థానంలో ముద్దాయిగా నిలబడిన ఒక లావుపాటి మనిషి బొమ్మ గీస్తాడు. తరవాత నడుచుకుంటూ పోతే సమాధిరాళ్ళు చెక్కే ఒకాయన కనబడతాడు. తాను గీసిన మనిషి అతనే. అతను చెక్కుతున్న రాతి మీద ఉన్నది చిత్రకారుడి పేరు, పుట్టిన తేదీ, మరణించిన తేదీగా ఆ రోటి తేదీ. కథ అర్ధరాత్రికి కాస్త ముందే ఆగిపోతుంది.

ఈ కథలో అరుపులు లేవు, పరుగులు లేవు. ఇద్దరు మర్యాదస్థులు ఒకరినొకరు నొప్పించకుండా మాట్లాడుకుంటారు. కోల్మన్ గొంతులో అందరూ మెచ్చుకునే గుణం, అంటే అచ్చులను కొంచెం సాగదీసి, వాక్యం చివర మెల్లగా దించే ఆ సౌమ్యత, ఇక్కడ భయానికి మూలమవుతుంది. మనిషి తన చావు తేదీ చదివి కూడా మర్యాద తప్పడు. సినిమాలో ఇదే సౌమ్యతకు ముఖం తోడవుతుంది. కనుబొమ ఎత్తితే చాలు, ప్రేక్షకుడికి ధైర్యం వస్తుంది. రేడియోలో ఆ ఆసరా లేదు. గొంతు ఎంత నిబ్బరంగా ఉంటే శ్రోత అంత భయపడతాడు. కోల్మన్ అందగాడని మాత్రమే ఎరిగినవారు, ఆ అందం అడ్డు తొలగితే ఆయన ఎంత నటుడో ఈ అరగంటలో తెలుసుకుంటారు.

అదే ఏడాది నవంబరు 1న అదే కార్యక్రమంలో వచ్చిన ది డనిచ్ హారర్ గురించి ఈ మాట చెప్పలేం. లవ్‌క్రాఫ్ట్ కథలోని రాక్షసి కంటికి కనబడనిది. రేడియోకు అంతకన్నా తగిన ప్రతినాయకుడు దొరకడు. అయినా నాటకం తేలిపోయింది. వినేవాడికి తెలియని లోకం ఒకటి తలుపు తోసుకుని వస్తున్నదన్న అనుభూతి కలగాలంటే, చెప్పేవాడి లోకం కదిలిపోవాలి. కోల్మన్ గొంతు కదలదు. పుస్తకాల గది తలుపు వేసుకుని చదివి వినిపిస్తున్నట్టుంటుంది. ఒకే గుణం ఒక చోట వరమూ, మరో చోట శాపమూ కావడం ఈ రెండు ముద్రణలను పక్కపక్కన విన్నప్పుడే తేటపడుతుంది. సేకరణ విమర్శకు చేసే మేలు ఇదే.

హాస్యం విషయానికి వస్తే, 1948 మార్చి 28 నాటి జాక్ బెన్నీ కార్యక్రమం ప్రసిద్ధం. కోల్మన్‌కు ఆస్కార్ వచ్చి అప్పటికి వారమే. పరమ పిసినారిగా పేరుపడ్డ బెన్నీ ఆ ప్రతిమను అరువు తీసుకుని ఇంటికి నడిచిపోతుంటే దొంగ అడ్డగించి, ప్రాణం కావాలా డబ్బు కావాలా తేల్చుకోమంటాడు. బెన్నీ మాట్లాడడు. ఆ మౌనానికే జనం విరగబడి నవ్వుతారు. దొంగ మళ్ళీ గద్దిస్తే, ఆలోచిస్తున్నానని కసురుకుంటాడు. రేడియో చరిత్రల్లో ఆ మౌనం నిడివి, ఆ నవ్వు నిడివి చెప్పేవారిని బట్టి పెరుగుతూ పోయాయి. ముద్రణ వింటే మౌనం కొద్ది క్షణాలే. కథకూ సాక్ష్యానికీ ఉన్న దూరం కొలవడానికి ముద్రణ తప్ప మరో సాధనం లేదు. హోరు తగ్గించే యంత్రాలు నిశ్శబ్దాన్ని దోషంగా భావించి కత్తిరించిన ప్రతి ఒకటి ఎవరి చేతికయినా వస్తే, వారికి ఆ హాస్యం అర్థమే కాదు.

కోల్మన్ ఈ కార్యక్రమంలో తనను తానే నటించాడు. ఆంగ్లేయ మర్యాదకు ప్రతిరూపంగా ప్రేక్షకులు పూజించిన మనిషి, మోటు పొరుగువాడి ధాటికి తట్టుకోలేక విలవిలలాడతాడు. తన గొంతుకున్న గౌరవాన్ని తానే వెక్కిరించుకోగల నటుడని సినిమాలు మాత్రమే చూసినవారికి తెలిసే అవకాశం తక్కువ.

ది హాల్స్ ఆఫ్ ఐవీ సంగతి వేరు. ఫిబ్బర్ మెక్‌గీ అండ్ మాలీ రాసిన డాన్ క్విన్ దీనికి సృష్టికర్త. కళాశాల అధ్యక్షుడు డాక్టర్ హాల్‌గా కోల్మన్, పూర్వం రంగస్థల నటి అయిన ఆయన భార్య విక్కీగా బెనీటా హ్యూమ్ నటించారు. విద్యాలయ రాజకీయాలు, విరాళదాతల దర్పం, జాతివివక్ష వంటి విషయాలను హాస్య కార్యక్రమంలోకి తేవడానికి ఆ రోజుల్లో ధైర్యం కావాలి. దంపతులు ఒకరి మాటను ఒకరు అందుకునే తీరులో ఏళ్ళ తరబడి కలిసి బతికినవారి చనువు వినిపిస్తుంది. అయితే దాదాపు ప్రతి భాగంలోనూ తమ ప్రేమ తొలినాళ్ళు తలచుకునే ఘట్టం ఒకటి ఉంటుంది. వారానికొకసారి వినేవారికి అది ఎదురుచూసే మిఠాయి. సేకరణ చేతబట్టుకుని ఒకే రోజు పది భాగాలు వినేవారికి మొహం మొత్తుతుంది. లోపం రచనలో ఎంత ఉందో, వినే పద్ధతిలో ఎంత ఉందో విడదీసి చూడకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు. వారం రోజుల ఎడం కూడా ఆ నాటకంలో ఒక భాగమే.

సేకరణ దాచిపెట్టేది

నటుడి పేరు మీద కట్టిన సేకరణ ఒక అబద్ధంతో మొదలవుతుంది. ఆ నాటకాలు ఆ నటుడివి అన్నది ఆ అబద్ధం. రేడియో రచయితది, వాద్యబృందానిది, మైకు పక్కన నిలబడి తలుపులు మూసి, కంకర మీద నడిచి, ఉలి నూరి శబ్దాలు పుట్టించిన పనివాళ్ళది. సేకర్తల జాబితాలలో ఫైలు పేరుగా కోల్మన్ మిగిలి, పక్క పాత్రల నటులు మాయమవుతారు. మంచి సూచికలు తయారుచేసినవారు దీన్ని గుర్తించి, నటీనటులందరి పేర్లు, ప్రసార సంస్థ, తేదీ, ప్రాయోజకుడు, ముద్రణ ఆధారం నమోదు చేశారు. అటువంటి సూచిక లేని సేకరణ గుట్ట మాత్రమే.

మొదటితరం సేకర్తలు చాలామంది ప్రకటనలను చెత్తగా భావించి కత్తిరించారు. ఆ ప్రకటనలే చరిత్ర. లక్స్ రేడియో థియేటర్‌కు ఆ పేరు ఒక సబ్బు వల్ల వచ్చింది. సినిమా తారల సౌందర్య రహస్యంగా ఆ సబ్బును ప్రచారం చేయడం ఆ నాటకాల ఆర్థిక పునాది. అదే సబ్బుకు 1941లో లీలా చిట్నీస్ భారతదేశంలో ప్రచారకర్త అయింది. తరవాతి తరాల తెలుగు సినిమా తారలూ ఆ వరసలో నిలిచారు. కళాశాల అధ్యక్షుడి సంస్కారవంతమయిన సంభాషణలకు డబ్బు పెట్టింది ష్లిట్జ్ అనే బీరు కంపెనీ. ఆగస్ట్ హీట్‌కు ముందూ వెనకా వినిపించేది రోమా ద్రాక్షసారాయి ప్రకటన. భయానికీ, సంస్కారానికీ ఎవరు ఖర్చు పెట్టారో తెలియకుండా చేసిన ప్రతి, వినడానికి హాయిగా ఉన్నా, అసత్యప్రతి.

మూడవది, తెలుగువారు ప్రత్యేకంగా పట్టించుకోవలసినది, ఆ గొంతు మోసుకొచ్చిన అధికారం. 1935లో క్లైవ్ ఆఫ్ ఇండియా చిత్రంలో కోల్మన్ రాబర్ట్ క్లైవ్‌గా నటించాడు. ఆ పాత్ర కోసం తన ప్రసిద్ధమయిన మీసం కూడా తీసేశాడు. మీర్ జాఫర్ పాత్రలో ఉన్నది సీజర్ రొమేరో. ఆర్కాటు నుంచి ప్లాసీ దాకా నడిచిన దోపిడీ కథ ఆ చిత్రంలో ఒక ఆత్మాభిమాని త్యాగగాథ అయింది. క్లైవ్ కాలంలోనే 1765 ఫర్మానాతో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి పోయే దారి తెరుచుకుంది. ఆ గడ్డ వారసులకు ఆ చిత్రం కేవలం వినోదం కాజాలదు. గమనించవలసింది ఏమిటంటే, ఆ కథను నమ్మదగినదిగా చేసింది వాదం కాదు, గొంతు. అంత మృదువుగా మాట్లాడేవాడు అన్యాయం చేయడన్న భ్రమ. లాస్ట్ హొరైజన్‌లోని కాన్వే కూడా బ్రిటిష్ దౌత్యవేత్తే. అయితే అక్కడ అదే గొంతు సామ్రాజ్యాన్ని ఎద్దేవా చేసింది. యుద్ధకాలంలో కత్తెర పడింది సరిగ్గా ఆ మాటల మీద. ఈ రెండు శబ్దాలనూ దాచుకుని పక్కపక్కన వినిపించగలిగితేనే సేకరణకు నైతికమయిన విలువ ఉంటుంది. అభిమానంతో ఒకదాన్ని దాచి, మరొకదాన్ని మాత్రమే వినిపించడం యుద్ధకాలపు కత్తెర పనికి భిన్నం కాదు.

ఎవరి సొత్తు?

అమెరికా చట్టం ఈ ముద్రణలను చాలాకాలం గందరగోళంలో ఉంచింది. 1972 ఫిబ్రవరి 15కు ముందు చేసిన శబ్దముద్రణలకు సమాఖ్య చట్టరక్షణ ఉండేది కాదు. ఒక్కొక్క రాష్ట్రానిది ఒక్కొక్క న్యాయం. 2018లో వచ్చిన సంగీత ఆధునికీకరణ చట్టం దీనికి గడువులు పెట్టింది. 1923 నుంచి 1946 వరకు వెలువడిన ముద్రణలకు వందేళ్ళు, 1947 నుంచి 1956 వరకు వెలువడిన వాటికి నూటపదేళ్ళు. ఆ తరవాతి వాటికి 2067 ఫిబ్రవరి 15 వరకు రక్షణ. దీని ప్రకారం డెక్కా 1946లో విడుదల చేసిన లాస్ట్ హొరైజన్ పలకలు 2046 ముగిసే దాకా ఉమ్మడి సొత్తు కావు. ఈలోగా లాభాపేక్ష లేని వినియోగానికి, మార్కెట్లో ఆ ముద్రణ అమ్మకంలో లేదని చిత్తశుద్ధితో వెతికి, కాపీరైట్ కార్యాలయానికి ముందుగా తెలియజేసే పద్ధతిని చట్టమే కల్పించింది. లక్క పూత పగిలిపోయే వేగానికీ, చట్టం గడువులకూ పొంతన లేదు. పలకలు చట్టం కోసం ఆగవు.

అయితే ప్రభుత్వ భాండాగారం చేతిలో పెట్టినంత మాత్రాన భద్రత వచ్చినట్టు కాదు. ప్రసిద్ధ సేకర్త జె. డేవిడ్ గోల్డిన్ తాను అమెరికా జాతీయ భాండాగారానికి ఇచ్చిన ముద్రణ ఒకటి 2010లో ఇంటర్నెట్ వేలంలో అమ్మకానికి ఉండడం గుర్తించాడు. దర్యాప్తులో అదే భాండాగారపు శబ్దవిభాగానికి అధిపతిగా పనిచేసి విరమించిన ఉద్యోగి తొమ్మిదివందలకు పైగా ముద్రణలను దొంగిలించినట్టు తేలింది. 2012లో అతనికి పద్ధెనిమిది నెలల జైలుశిక్ష పడింది. దొంగను పట్టించింది సంస్థ దస్త్రం కాదు, సేకర్త జ్ఞాపకశక్తి, అతను రాసిపెట్టుకున్న వివరాలు. వ్యక్తి సేకరణ, ప్రభుత్వ భాండాగారం ఒకదానికొకటి కాపలా కాయవలసినవి.

తెలుగు సేకర్తలకు

తెలుగువారికి ఇది పరాయి చర్చ కాదు. తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాద (1932) నేడు చూడడానికి లేదు. రంగస్థలం మీది స్థానం నరసింహారావునూ, బళ్ళారి రాఘవనూ ఈ తరం ఊహించుకోవాలంటే ప్రధానమయిన ఆధారం గ్రామఫోను పలకలే. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938లోనూ, విజయవాడ కేంద్రం 1948లోనూ మొదలయ్యాయి. అక్కడ పుట్టిన నాటకాలలో నేటికి మిగిలినవి విన్నవారికి, మిగలనివాటి లోటు ఎంతటిదో తెలుస్తుంది. టేపు ఖరీదయిన రోజుల్లో పాతది చెరిపి కొత్తది ముద్రించడం ప్రపంచమంతటా ప్రసార సంస్థలు చేసిన పనే. ఎవరో ఇంట్లో రేడియో పక్కన క్యాసెట్ యంత్రం పెట్టి పట్టుకున్నదే ఒక్కోసారి ఏకైక ప్రతి.

ఒక తేడా మాత్రం గుర్తించాలి. లక్స్ రేడియో థియేటర్‌లో కోల్మన్ తన సినిమాను ప్రేక్షకుల ముందు మళ్ళీ నటించాడు. ఆకాశవాణిలో వచ్చిన సంక్షిప్త శబ్దచిత్రం సినిమా శబ్దాన్నే గంటకు కుదించి వినిపించింది. మొదటిది కొత్త ప్రదర్శన, రెండవది పాత ప్రదర్శనకు సంక్షేపం. కనుక తెలుగు నటుల గొంతు సినిమాకు బయట ఎలా ఉండేదో తెలియాలంటే శబ్దచిత్రాలు చాలవు. రేడియో నాటకాలు, ఉపన్యాసాలు, ముఖాముఖీలు కావాలి. పోగొట్టుకుంటే తిరిగి రానివి అవే.

విదేశాలకు తరలివచ్చిన తెలుగు కుటుంబాల పెట్టెలలో అటువంటి క్యాసెట్లు ఇంకా ఉన్నాయి. వాటిని డిజిటల్ రూపంలోకి మార్చేవారికి కోల్మన్ సేకర్తల అనుభవం కొన్ని పాఠాలు చెబుతుంది. శబ్దాన్ని కుదించకుండా ఒక ప్రతి ఉంచుకోవాలి. హోరు తగ్గించిన ప్రతి వేరుగా ఉండాలి. భారతదేశంలో విద్యుత్తు హోరు 50 హెర్ట్‌జ్, అమెరికాలో 60. ముద్రణ ఏ దేశంలో జరిగిందో తెలిస్తే వేగం సరిచూసుకోవచ్చు. మొదట్లో వచ్చే కేంద్రం పేరు, ప్రకటన, చివర్లో వచ్చే నటీనటుల పేర్లు కత్తిరించకూడదు. తేదీ, ఆధారం, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో రాసిపెట్టాలి. నచ్చని మాటలున్నాయని ఒక ముద్రణను పక్కన పడేయకూడదు.

కోల్మన్ గొంతు గొప్పదా కాదా అన్న చర్చ సాగుతూనే ఉండవచ్చు. ఆగస్ట్ హీట్ విన్నవారు ఔనంటారు, ది డనిచ్ హారర్ విన్నవారు సందేహిస్తారు. ఆ చర్చకు రెండు పక్షాల సాక్ష్యమూ మిగిలి ఉండడం వల్లనే అది చర్చ అయింది. సాక్ష్యం పోయిన చోట మిగిలేది కీర్తి మాత్రమే. మహానటుడని విని నమ్మడానికీ, విని తేల్చుకోవడానికీ చాలా తేడా ఉంది. తెలుగు నటుల విషయంలో ఆ రెండవ అవకాశం రాబోయే తరాలకు ఉంటుందా, ఉండదా అన్నది ఇప్పుడు పెట్టెలలో ఉన్న క్యాసెట్ల మీద ఆధారపడి ఉంది.